ఉస్తాద్ బొటనవేలు

అఫ్జల్‌గంజ్‌లో మా మెకానిక్ షెడ్డున్న గల్లీలో ఎవరినడిగినా చెబుతారు, ఇంజన్ సిలిండర్లలో గాలి ఒత్తిడి, అదే కంప్రెషన్, చూడాలంటే మా ఉస్తాద్‌కి మీటర్ అక్కర్లేదని. నాకు పని నేర్పింది ఆయనే. ప్లగ్గులన్నీ విప్పి, నన్ను సీట్లో కూర్చుని సెల్ఫ్ కొట్టమనేవాడు. తను కళ్ళు మూసుకుని, ప్లగ్గు తీసిన రంధ్రం మీద బొటనవేలు నొక్కిపెట్టేవాడు. సిలిండర్ బాగుంటే లోపలి గాలి వేలిని ఎగరగొడుతుంది. నీరసపడితే వేలు కదలదు. "మీటర్ ఝూట్ చెప్తదిరా, చర్మం చెప్పదు" అనేవాడు. మేకుకు వేలాడే మీటరుకు దుమ్ము పట్టింది.

ఆ మధ్య కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఓ ఆఫీసరు గారు పాత కారు తెచ్చారు. నిలబెడితే వణుకుతోంది, ఫ్లైఓవర్ ఎక్కలేకపోతోంది. ఉస్తాద్ వేలు పెట్టి చూశాడు. "నాలుగూ మస్తున్నయ్. ప్లగ్గులు మార్చు, చాలు" అన్నాడు. మార్చి పంపించాను.

మర్నాడే కారు తిరిగొచ్చింది.

"ఏంటండీ ఇది? నిన్నటికంటే ఎక్కువ ఊగిపోతోంది. అసలు మీకు పనొచ్చా?" అని ఆఫీసరు గారు గల్లీ అంతా వినబడేలా అరిచారు. నాకు ఒళ్ళు మండింది. నన్నంటే పడతాను, ఉస్తాద్‌ని అంటే ఊరుకుంటానా!

"లొల్లి చేయకుండ్రి సార్. మీరే సీట్ల కూసోని సెల్ఫ్ కొట్టుండ్రి, మీ ముందరనే చూస్తం" అన్నాను.

అలా ఇన్నేళ్ళకు మొదటిసారి నేను బానెట్ ఇవతల నిలబడ్డాను. ఎప్పుడూ సీట్లోనే ఉండేవాణ్ణి కదా, ఆయన చెయ్యి నాకు కనిపించేది కాదు. ఇంజన్ వేడిగా ఉండగానే కంప్రెషన్ చూడాలి. మొదటి సిలిండర్‌కి ఆయన వేలు ఎగిరింది, రెండోదానికీ ఎగిరింది. మూడోదాని మీద ఉన్నచోటే ఉంది.

"ఇది గూడ మస్తుంది" అన్నాడు, కళ్ళు తెరవకుండానే.

పరాచికాలాడుతున్నాడేమో అనుకున్నాను. అంతలో కాలిన వాసన వచ్చింది. ఆయన ఎడమ అరచెయ్యి ఆనుకుని ఉన్నది ఇంజన్ పక్కనే కాగిపోతున్న సైలెన్సర్ పైపు మీద. అయ్యో దేవుడా అని ఆ చెయ్యి లాగి బకెట్ నీళ్ళలో ముంచాను. తోలు తెల్లగా ఊడొచ్చింది.

"మండుతుందా ఉస్తాద్?"

"లేదు బేటా. మండితే ఎంత మంచిగుండు."

షుగరని తెలుసు. చాయ్‌లో చక్కెర మానేశాడని తెలుసు. వేళ్ళకు స్పర్శ పోయిందని మాత్రం నాకూ చెప్పలేదు.

"మా కొడుక్కు చెప్పకు" అన్నాడు మెల్లగా. "తెలిస్తే ఇంట్ల కూసోబెడ్తడు. ఇంట్ల కూసోని నేనేం జెయ్యాలె?"

గుడ్డ చుట్టి కట్టు కట్టాను. కాలిన చేతిని ఇంట్లో ఎలా దాస్తాడు? మీటరు తీసుకుని దుమ్ము తుడిచి మూడోదానికి బిగించాను. ముల్లు సగం దాకా కూడా లేవలేదు. లోపల చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూస్తే పైకి లేచింది. నూనె సందులు మూసిందంటే అరిగింది పిస్టన్ రింగులన్న మాట, వాల్వులు కావు. ఆఫీసరు గారికి అదే చెప్పాను. ఆయన ఉస్తాద్ చేతి కట్టు చూసి, గొంతు తగ్గించి "సరేనండీ, రింగులు మార్చండి" అన్నారు.

మీటర్ విప్పుతుంటే ఉస్తాద్ లేచి నా పక్కకొచ్చాడు.

"రెండోదాని మీద వేలు పెట్టు" అన్నాడు.

పెట్టాను. ఆఫీసరు గారు సెల్ఫ్ కొట్టారు.

"గాలి కొట్టిందా?"

"కొట్టింది ఉస్తాద్."

"ఎట్ల కొట్టిందో చెప్పు."

గట్టిగా కొట్టిందని, వేడిగా తగిలిందని, వేలు గోరు దాకా జుమ్మందని చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. రేపట్నుంచి షెడ్డుకు రాలేడని ఇద్దరికీ తెలుసు.

"సార్‌ని ఇంకోసారి సెల్ఫ్ కొట్టమను" అన్నాడు.