మందు మానేసిన తేదీ

బజారులో ఆమెను అందరూ పురుగులక్క అనేవారు. ఎదురుగానే అనేవారు, ఆమె పలికేది కూడా. "మందు కొట్టలేదు కదా?" అని ఎవరైనా అడిగితే వెంటనే నోటితో జవాబు చెప్పేది కాదు. క్యాబేజీ మీది ఆకు ఒకటి వలిచి, లోపల ముడుచుకున్న పచ్చ పురుగును వేలి కొస మీదికి ఎక్కించుకుని చూపించేది.

"దీన్నడగండి. నాకంటే ముందు తిన్నది ఇదే."

ఆ తర్వాత ఒక మాట అనేది. "మా నేల మందు మొహం చూసి ఎరగదు." ఇరవై రెండేళ్లుగా అదే మాట.

రేకుల కప్పు కింద పన్నెండు అరుగుల వరస ఒకటి ఉంది, మందు కొట్టని కూరగాయలకని. అందులో ఆమెది మూడోది, కుళాయికి ఎదురుగా. ఆకుకూరలు మధ్యాహ్నం దాకా తలలెత్తుకునే ఉండేవి. రోజూ వచ్చేవాళ్లలో రిటైరైన మాస్టారొకరు. పొట్లం కట్టిన కాగితాన్ని కూడా వదలకుండా చదివే మనిషి గాని, కూరగాయల దగ్గర మాత్రం ఆమె తీసిచ్చింది సంచిలో వేసుకుని వెళ్లిపోయేవారు. ఏనాడూ తిప్పి చూసింది లేదు.

ఆ ఏడాది ప్రభుత్వం సేంద్రియ విధానం అని ఒకటి తెచ్చింది. ఇకమీదట నోటిమాట చెల్లదు. పత్రం ఉన్నవాళ్లకే ఆకుపచ్చ బోర్డు, బోర్డు ఉన్నవాళ్లకే కప్పు కింద అరుగు. మిగతావాళ్లు నెలాఖరుకల్లా ఎండలోకి. అందరికంటే ముందు బోర్డు వచ్చింది మొదటి అరుగాయనకు. నాలుగేళ్ల కిందటి దాకా ఆయన చేను మందు కంపుతో పక్కవాళ్లను కూడా దగ్గించేది. కానీ కొన్న ప్రతి డబ్బాకూ రసీదు దాచుకున్నాడు. ఆ రసీదులు ఆగిన తేదీయే మందు మానేశాడనడానికి ఆయనకు రుజువైంది.

పురుగులక్క తమ్ముణ్ని వెంటబెట్టుకుని వ్యవసాయ కార్యాలయానికి వెళ్లింది. గుమాస్తా ఫారం నింపుతూ వచ్చి ఒక గడి దగ్గర ఆగాడు.

"రసాయనాలు మానేసిన తేదీ?"

"మొదలుపెడితే కదండీ మానడానికి," అన్నాడు తమ్ముడు.

"గడి ఖాళీగా వదిలితే కంప్యూటరు ఒప్పుకోదు."

"పెళ్లే కానివాణ్ని పట్టుకుని విడాకులెప్పుడయ్యాయని అడిగినట్టుంది మీ వరస."

"నన్నంటే ఏం లాభం బాబూ, ఫారం నేను తయారుచేశానా? పోయినేడాది తేదీ ఏదో ఒకటి వేసెయ్యనా?"

"వేస్తే?"

"మూడేళ్లు నిండేదాకా మార్పు దశ అంటారు. బోర్డు రాదు."

"వెయ్యకపోతే?"

"దరఖాస్తే రాదు."

చివరికి తనిఖీకి మనిషిని పంపుతామని, ఆ గడిలో ఏం రాయాలో ఆ వచ్చినవాళ్లే తేలుస్తారని అన్నాడు. ఇంత జరుగుతున్నా పురుగులక్క ఒక్క మాట మాట్లాడలేదు. కోపం వచ్చిందనుకున్నాడు తమ్ముడు.

తనిఖీకి వచ్చింది చిన్న వయసు అమ్మాయి. మోకాళ్ల దాకా బూట్లు, మెడలో కెమెరా. పార అడిగి తీసుకుని తనే నాలుగు చోట్ల మట్టి తిరగేసింది, వానపాములు లెక్కపెట్టింది. పక్క చేనుకూ వీళ్ల చేనుకూ మధ్య వదిలిన గడ్డి పట్టీని అడుగులతో కొలిచింది. ముఖంలో తృప్తి కనిపిస్తూనే ఉంది. ఎరువు గుంట చూశాక, పనిముట్ల కొట్టంలోకి తొంగిచూసింది.

గోడ మేకుకు వీపున తగిలించుకునే రేకు డబ్బా ఒకటి వేలాడుతోంది. దాని పిడికి వెల్లుల్లి గుత్తులు కట్టి ఉన్నాయి. అమ్మాయి రుమాలుతో దుమ్ము తుడిచింది. కింద ముద్ర, ముద్ర పక్కన సంవత్సరం.

"ఇది మా శాఖదే. మందు కొట్టే డబ్బా."

"పాత ఇనుపసామాన్లవాడి దగ్గర కొన్నాం మేడమ్," తమ్ముడు అందుకున్నాడు. "నీళ్లు చల్లడానికి."

"నువ్వూరుకోరా," అంది పురుగులక్క. "అది నాన్నది."

ఆమెకు పదేళ్లప్పుడు శాఖ జీపు మైకు పెట్టుకుని వచ్చింది. డబ్బా ఉచితం, మొదటి మందూ ఉచితం. అందరికంటే ముందు చెయ్యెత్తినవాడు తండ్రి. దండ వేసి ఫొటో తీశారు. ఆయన అంతటితో ఊరుకోక అన్నదమ్ములందరి చేతా కొట్టించాడు. ఆ పంటకు ఒక్క పురుగు లేదు. గుమ్మడి తీగలు విరగబూశాయి, పిందె మాత్రం పడలేదు. తేనెటీగలు లేవు. తల్లి రోజూ తెల్లారగట్లే కోడి ఈక పట్టుకుని ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు అద్దుకుంటూ తిరిగింది. తండ్రి డబ్బా కడిగి మేకుకు తగిలించాడు. ఆ తర్వాత ఎవరడిగినా "మేం కొట్టలేదు" అనేవాడు. తల్లి విని ఊరుకునేది. ఆ మాటే కూతురికి వచ్చింది.

"అప్పుడు కొట్టమని జీపులో వచ్చిందీ మీరే, ఇప్పుడు ఎప్పుడు మానావని అడిగేదీ మీరే," అంది పురుగులక్క.

"అప్పటికి నేను పుట్టలేదండీ."

"నేనూ పిల్లనే. కానీ లేదని చెప్పుకుంది మాత్రం పెద్దయ్యాకే."

అమ్మాయి ముద్ర పక్కన వేలు పెట్టింది. "డబ్బా మీద సంవత్సరం ఉంది. ఆ మరుసటేడు మానేసినట్టు రాస్తే మీ బోర్డు వచ్చేస్తుంది. కాకపోతే నేను రాసింది బోర్డు కింద అంటిస్తారు, కొనేవాళ్లు చూడాలని."

"ఎవరు చదువుతారక్కా అవన్నీ," అన్నాడు తమ్ముడు.

"మాస్టారు చదువుతారు." ఆమె వెల్లుల్లి గుత్తులు విప్పి డబ్బాను కిందికి దించింది. "ఫొటో తీసుకో తల్లీ. రాయి."

నెలాఖరుకు నాలుగు రోజుల ముందే బోర్డు వచ్చింది. దాని కింద కాగితం: 'ఒక పంటకాలం పురుగుమందు వాడారు. మానేసి నలభై ఏళ్లు.' మొదటి అరుగాయన తన కాగితంతో పోల్చి చూసుకుని, "నీది నాకంటే పాత పాపం," అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

మాస్టారు వచ్చి కళ్లజోడు సర్దుకుని, కింద సంతకం దాకా చదివారు.

"ఎన్నడూ లేదన్నావే అమ్మా?"

"అన్నానండీ. తప్పే. మా నాన్న ఒక పంటకు కొట్టాడు."

"నలభై ఏళ్ల కిందట."

"అవునండీ."

ఆమె అలవాటుగా క్యాబేజీ తీసి ఆకు వలవబోయింది.

"ఇలా ఇవ్వు," అని మాస్టారు దాన్ని ఆమె చేతిలోంచి తీసుకున్నారు. ఒక ఆకు వలిచారు. ఏమీ లేదు. రెండో ఆకు వలిచారు. కాడ మొదట్లో పురుగు కదిలింది. దాన్ని కాసేపు చూసి అరుగు అంచున వదిలి, క్యాబేజీని తక్కెడలో పెట్టారు.

"తూచు."

మర్నాడూ ఆయనే వలుచుకున్నారు, ఆ మర్నాడూ అంతే. ఇప్పుడు పురుగులక్క ఎవరికీ పురుగును చూపించదు. బుట్ట ముందుకు జరిపి, వాళ్లు చూసుకునేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది.