స్టూలు బేరం

పొద్దున్నే కొట్టు తెరవగానే ఆవిడ చేసే మొదటి పని కుండీల్లోని మొక్కల్ని పలకరించడం. కొనేవాళ్లు లేకపోయినా వినేవాళ్లున్నారు కదా అని నవ్వుకుంటుంది. తర్వాత పూలకూజాలనూ గోడ అద్దాలనూ తడిగుడ్డతో తుడుస్తుంది. అమ్మకాల వల్ల కాదు, తుడవడం వల్లే సరుకు అరిగిపోతోందని భర్తతో అంటుంది. తిండి ధరలే మండిపోతున్న రోజుల్లో గోడలకు సింగారం ఎవరిక్కావాలి? నాలుగు రోజులుగా బోణీ లేదు. ఆ మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చి, కొట్టంతా కలియజూసి, ఆవిడ కూర్చున్న పాత చెక్క స్టూలు దగ్గర ఆగాడు.

"ఇదెంతమ్మా?"

"అది అమ్మేది కాదండీ, నేను కూర్చునేది."

"అయ్యో, మా కిటికీ పక్కన భలే ఉండేది," అంటూ ఆయన గుమ్మం వైపు తిరిగాడు.

ఆవిడ గబుక్కున లేచి స్టూలు తుడిచేసింది. "ఆగండి బాబాయ్! దీని మీద పెట్టుకోవడానికి ఒక మొక్క కూడా కొంటానంటే ఇచ్చేస్తాను."

ఆయన రెండూ పట్టుకెళ్లాడు.

సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది. "ఏంటక్కా, కొట్టు నిలబడేట్టుందా?"

ఆవిడ నొప్పెడుతున్న కాలు మార్చుకుంటూ, "కొట్టు సంగతి చెప్పలేను గానీ, నేను మాత్రం మధ్యాహ్నం నుంచీ నిలబడే ఉన్నానే," అంది.