హారన్‌కు కలిపిన వైరు

మా బండ్ల మెకానిక్ వైరింగ్ అన్న పోయాడు. మంగళవారం ఉదయం ఆఫీసులో ఉండగా, అతని కొట్టు పక్కనే పంక్చర్లు వేసే భాయ్ ఫోన్ చేసి చెప్పాడు. నా నోట్లోంచి మొదట ఊడిపడ్డ మాట ఏమిటో తెలుసా? "షాక్ కొట్టిందా?" అన్నాను. "బండి బ్యాటరీకి షాక్ ఏంది సార్! గుండె ఆగింది. బండి పక్కన కూసున్నడు, మల్ల లేవలే" అన్నాడు.

పన్నెండు ఓల్టుల బ్యాటరీ మనిషిని ఏమీ చేయలేదని నాకు చెప్పిందే ఆ అన్న. అయినా అదే అడిగాను. తర్వాత తెలిసింది, భాయ్ ఎవరికి ఫోన్ చేసినా అందరూ అదే అడిగారట. నలభై ఆరేళ్ళ మనిషి. శనివారం సాయంత్రం నా బండి బ్రేక్ లైటు బాగుచేసి, "ఫికర్ లేదు సార్, పోండ్రి" అని పంపిన మనిషి. మంగళవారానికి లేడంటే ఎలా నమ్మేది? ఇది రాస్తున్నా నాకింకా నమ్మకం కుదరడం లేదు.

ఆ అన్నకు నేనొక మాట చెప్పాలి. నాలుగేళ్ళుగా చెప్పాలి. శనివారం కూడా చెప్పకుండానే వచ్చేశాను.

మాది తెనాలి వైపు. అమీర్‌పేటలో కోర్సుల బోర్డులు కిటికీలను కూడా మూసేసిన రోజుల్లో వచ్చి, నేనూ ఒక కోర్సు చేసి, ఉద్యోగం తెచ్చుకున్నాను. ఉద్యోగం దొరికింది గానీ ఇల్లు దొరకలేదు. బ్యాచిలర్ అనగానే తలుపు వేసేసేవాళ్ళు. చివరికి పంజాగుట్టలో ఒక అపార్ట్‌మెంట్‌లో, మా ఆఫీసులో పెద్దాయన ఒకరు తన ఫ్లాటులో ఉండమన్నారు. అసోసియేషన్ ప్రెసిడెంటు గారు నన్ను ఎగాదిగా చూసి, "ఒక్క కంప్లైంట్ వచ్చినా ఖాళీ చేయాలండీ" అని ముందే చెప్పారు.

ఆ అపార్ట్‌మెంట్ సెల్లారుకు కరెంటుతో నడిచే షట్టర్ ఉండేది. రిమోట్ నొక్కితే లేస్తుంది, మళ్ళీ నొక్కితే దిగుతుంది. రిమోట్లు కార్లున్న వాళ్ళకే ఇచ్చారు. బండ్ల వాళ్ళం హారన్ కొడితే వాచ్‌మన్ వచ్చి తీయాలి. మా ఫ్లాటు ఓనరైన ఆ పెద్దాయన కారు అమ్మేశారు కాబట్టి వారి రిమోట్ నాకిచ్చారు. కానీ షట్టర్ ముందు ఏటవాలు. బ్రేకు మీద కాలు, బ్రేకు మీద చెయ్యి, రెండో చెయ్యి జీన్సు జేబులో. ఒక వానలో రిమోట్ కోసం తడుముకుంటూ బండితో సహా పడ్డాను. మర్నాడు రిమోట్ పట్టుకుని వైరింగ్ అన్న దగ్గరికి వెళ్ళాను.

మధురానగర్ వెళ్ళే సందులో అతని కొట్టు. కొట్టంటే ఏముంది, ఒక బల్ల, రెండు స్టూళ్ళు, ఒక రేడియో, గోడకు వేలాడే వైరు చుట్టలు. విప్పిన స్క్రూలను టీ సాసరులో విప్పిన వరసలోనే పేర్చేవాడు. పెట్రోలు ట్యాంకు మీద చెయ్యి వేసే ముందు గుడ్డతో చెయ్యి తుడుచుకునేవాడు. కంపెనీ వేసిన వైరును మాత్రం చచ్చినా కోసేవాడు కాదు. పైతోలు కొంచెం గీకి, కొత్త వైరు చుట్టి, టేపు వేసి, బొటనవేలితో గట్టిగా నొక్కేవాడు. "కోసుడు సులువు సార్. రేపు తీయాలంటే మల్ల మునుపటి లెక్క ఉండాలె గదా" అనేవాడు.

రిమోట్ విప్పి చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. "గీ లోపలి చిన్న సెల్లు సుత పన్నెండు ఓల్టులే సార్, బండి బ్యాటరీ సుత పన్నెండే. ఇద్దరు అన్నదమ్ములే!" అన్నాడు. హ్యాండిల్ కింద విడిగా చిన్న బటన్ పెట్టి దానికి కలుపుతానన్నాడు. నేను ఒప్పుకోలేదు. హారన్‌కే కలపమన్నాను. నేను హారన్ కొడితే షట్టర్ దానంతటదే లేవాలి, ఇంటికొచ్చిన మా ఆఫీసు వాళ్ళు నోరెళ్ళబెట్టాలి. అదీ నా సరదా.

"హారన్‌కు వద్దు సార్" అన్నాడు అన్న. "హారన్ మన చేతిల ఉండదు. ఎవడు అడ్డమొస్తే వాని చేతిల ఉంటది."

"అబ్బా, ఏం కాదన్నా, కలుపు."

"మీ బండి, మీ ఇష్టం. నేనైతే చెప్పిన."

గంటలో పని అయిపోయింది. రిమోట్‌ను సబ్బు డబ్బాలో పెట్టి సీటు కింద బిగించాడు. నా వెనక కూర్చుని పంజాగుట్ట దాకా వచ్చాడు. ఎంత పని చేసినా మొదటిసారి తను నొక్కేవాడు కాదు. "మీరే కొట్టుర్రి" అన్నాడు. కొట్టాను. షట్టర్ గరగరమంటూ లేచింది. ఇద్దరం రోడ్డు మీద నిలబడి పగలబడి నవ్వాం. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి, ఎవరు తీశారో అర్థంకాక మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

రెండు నెలలు రాజభోగం. ఒక సాయంత్రం నేను బయటికి వెళ్తుంటే ప్రెసిడెంటు గారి కొత్త కారు నా ముందుంది. సరిగ్గా షట్టర్ కింద ఆపి, ఆయన అద్దం సర్దుకుంటున్నారు. పక్కన ఆయన భార్య. ఈ ఊళ్ళో ముందు బండి ఆగితే మన వేలు మనల్ని అడిగి హారన్ నొక్కుతుందా? నొక్కేసింది. షట్టర్ దిగింది. కారు వెనకద్దం భళ్ళుమంది. ఆవిడ పెట్టిన కేక నాకిప్పటికీ చెవుల్లో ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదొక్కటే అదృష్టం.

మర్నాడు ఉదయం సెల్లారులో పంచాయితీ. నా హారన్‌తో పాటే షట్టర్ దిగడం ప్రెసిడెంటు గారు గమనించారు. నా బండి సీటు తీయించారు, సబ్బు డబ్బా బయటపడింది. "ఏంటయ్యా ఇది? ఎవరు పెట్టారు?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"మెకానిక్ పెట్టాడండీ" అన్నాను. అక్కడితో ఆగి ఉంటే నిజమే అయ్యేది. ఆగలేదు. "నాకు తెలియకుండా పెట్టాడండీ" అన్నాను. ఛీ, నా బతుక్కి! ఇల్లు ఖాళీ చేయమంటారన్న భయం తప్ప ఆ క్షణాన నాకింకేమీ కనపడలేదు.

వాచ్‌మన్ వెళ్ళి అన్నను పిలుచుకొచ్చాడు. నేను చెప్పిందంతా ప్రెసిడెంటు గారు నా ఎదుటే అతనికి వినిపించారు. అన్న నా వైపు చూడలేదు. బండి వైపు చూశాడు. "అవును సార్. నేనే పెట్టిన. ఆయనకు తెల్వదు" అన్నాడు. పదిమందీ తలో మాట అన్నారు. మళ్ళీ ఈ గేటు తొక్కొద్దన్నారు. ఆ అపార్ట్‌మెంట్ బండ్లన్నీ అప్పటిదాకా అతని దగ్గరికే వెళ్ళేవి, ఆ రోజుతో ఆగిపోయాయి. అతను అక్కడే కూర్చుని తను చుట్టిన టేపు విప్పి, వైరు ఊడదీసి, రిమోట్ నా చేతిలో పెట్టాడు. కింద కంపెనీ వైరు చెక్కుచెదరకుండా ఉంది.

నాకు ఇల్లు మిగిలింది. తర్వాత కూడా అతని దగ్గరికే వెళ్ళేవాణ్ణి. బల్బు పోయిందనీ, ఇండికేటర్ గట్టిగా మోగుతోందనీ వంక పెట్టుకుని వెళ్ళేవాణ్ణి. ఈసారి చెప్పేయాలి అనుకుంటూ స్టూలు మీద కూర్చునేవాణ్ణి. "ఇంకేంది సార్?" అనేవాడు. మైలేజీ గురించి మాట్లాడి, వానల గురించి మాట్లాడి లేచి వచ్చేవాణ్ణి. ఇలా నాలుగేళ్ళు! అతనికి నా మీద కోపం లేదనుకున్నాను, మర్చిపోయాడనుకున్నాను. నాకు ఏది వీలుగా ఉంటే అది అనుకున్నాను.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. అన్న భార్య చాప మీద గోడకు ఆనుకుని కూర్చుంది. చుట్టూ బంధువులు. "వదినా, అన్నకు నేనొక మాట చెప్పాల్సింది" అని మొదలుపెట్టాను.

"షట్టర్ ముచ్చటనే గదా సార్" అందామె.

"మీకు చెప్పాడా?"

"గా దినమే చెప్పిండు. పెండ్లి గాని మనిషి, ఇల్లు పోతే యాడికి పోతడు అన్నడు."

"కోపం రాలేదా?"

"ఎందుకు రాదు? మస్తు వచ్చింది. రెండు దినాలు సరిగ తినలే. గని మీరొచ్చి చెప్తరని సూసిండు. మీ బండి సప్పుడు వినంగనే దుకాణంల రేడియో బంద్ చేసేటోడు. సారు ఏమో చెప్తడు, జర ఊకోండ్రని పక్కోళ్ళకు సైగ చేసేటోడు. మొన్న శనివారం నేను టిఫిన్ ఇయ్యవోయిన. అప్పుడు సుత గట్లనే చేసిండు. నా కండ్లతోని సూసిన."

ఆమె చెయ్యెత్తింది. బంధువుల మాటలు ఆగిపోయాయి.

"చెప్పుర్రి సార్" అంది.

చెప్పాను. హారన్‌కు వద్దని అన్న చెప్పాడనీ, నేనే కలపమన్నాననీ, అందరి ముందూ అబద్ధమాడాననీ, తప్పయిందనీ. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"గంతేనా?" అందామె.

బయటికి వచ్చి బండి తాళం తిప్పాను. స్టార్ట్ చేస్తే బండి చప్పుడు లోపల ఆమెకు వినిపిస్తుంది, చెయ్యి రాలేదు. ఆ సందు చివరిదాకా, మెయిన్ రోడ్డు చప్పుడులో కలిసేదాకా, బండిని తోసుకుంటూ వెళ్ళాను.