వెనక్కి తెచ్చిన సంచి

యుద్ధం ముగిసిన మరుసటి వేసవి. సైన్యంలో నన్ను నాయక్‌ను చేశారు. అంటే పదిమంది జవాన్లకు పెద్దని. కుడిచేతి మీద కుట్టిన ఆ కొత్త పట్టీల బరువుకి ఆ చెయ్యి ఎడమదానికంటే బెత్తెడు సాగిందని నా గట్టి నమ్మకం. సెలవు మీద తిరువూరు వచ్చి, ఇంట్లో కాఫీ అడిగినా కవాతు మైదానం గొంతుతోనే అడిగేవాణ్ణి. ఆ అరుపుకి ఎక్కడో ఉన్న విస్సన్నపేటలో ఎడ్లు బెదిరి పలుపులు తెంచుకున్నాయని ఊరంతా చెప్పుకున్నారు. మొదట చెప్పింది నేనే.

నా కింది జవానొకడిది వినగడప. మా ఇద్దరి సెలవూ ఒకే రోజు అయిపోతుంది. అంతకుముందోసారి ఆలస్యంగా వచ్చి మాటపడ్డాడు. ఈసారీ ఆలస్యమైతే ఖైదు కొట్లో పెడతారు.

ప్రయాణం దగ్గరపడుతుండగా, నేను బజారు నుంచి వచ్చేసరికి మా వసారాలో వాడి సంచి గోడకానుకుని ఒంటరిగా కనిపించింది. సర్కారు సామాను ఇక్కడ పారేసి ఏ సినిమాకో పోయుంటాడనుకున్నాను. ఇంట్లో ఎవర్నీ అడగలేదు. అడగడం పెద్దరికానికి తక్కువని అప్పట్లో నా సిద్ధాంతం. సంచిని సైకిలుకి కట్టి వినగడప దాకా తొక్కాను. దారి పొడవునా సూర్యుడు నా నెత్తిమీదే కాపురం పెట్టాడు.

వాళ్ల వాకిట్లో సంచి పడేసి గర్జించాను. జవాను పరుగున వచ్చి నిటారుగా నిలబడ్డాడు. వెనకాలే వాళ్లమ్మ వచ్చింది. సంచిని చూసి గుమ్మం పట్టుకుని కూలబడింది.

అప్పటికి గానీ నాకు వెలగలేదు. అది ప్రస్థానం. బయలుదేరే రోజు మంచిది కాకపోతే, ముందే ఒక మంచి ఘడియలో సామాను ఇంకొకరింట్లో పెట్టిస్తారు. దాంతో ప్రయాణం మొదలైనట్టే. ఆ సామాను మళ్లీ ఇల్లు చేరకూడదు. ఇది మా వైపు పాలు తాగే పిల్లలకీ తెలుసు. పట్టీలు కుట్టించుకున్న వాడికి తప్ప.

కొడుకుని పంపనందావిడ. నేను రూల్సు చెప్పాను, కొట్టు గురించి చెప్పాను, తాటాకు కప్పు లేచిపోయేంత గొంతుతో చెప్పాను. అంతా విని, ఇంకా నిలబడే ఉన్న కొడుకు వైపు చూసింది.

"వాడింట్లో వాడు కూర్చోడానికీ నువ్వే చెప్పాలా బాబూ?"

కూర్చోమన్నాను. కూర్చున్నాడు. నా మాటకి ఒకడు కూర్చోవడం నాకు బాగా అనిపించకపోవడం అదే మొదటిసారి.

మా దళంలో రెడ్డిగూడెం వాడొకడు యుద్ధంలో పోయాడు. నా పక్కనే పడిపోయాడు. సెలవులో వాళ్లింటికి వెళ్లాలని రోజూ అనుకుని, రోజూ ఏదో పని కల్పించుకున్నాను. ఈవిడ మాత్రం పరామర్శకి వెళ్లొచ్చిందట. ఆ ఇంటికి చేరింది సంచి ఒక్కటేనట.

"తీసుకెళ్లేదీ తీసుకొచ్చేదీ నువ్వేనని నీ ఇంట్లో పెట్టించాను. నువ్వు సంచి ఒక్కటే తెచ్చావు," అంది.

కొండల్ని కదిలించే నా గొంతు ఈగ రెక్క చప్పుడంత అయింది. "వాణ్ణి మళ్లీ తెస్తానని మాటివ్వలేనమ్మా," అన్నాను. నిజం చెప్పే అలవాటు లేని నోరది.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తెస్తానని చెప్పుంటే తరిమేసేదేమో.

"అయితే వాడి సంచి నువ్వు మొయ్యి. నీది వాడు మోస్తాడు. మీ చోటు చేరేదాకా మార్చుకోకండి."

పై అధికారిచేత మోయించడమా అని జవాను కంగారుగా లేచాడు. ఆవిడా నేనూ ఒక్కసారే కూర్చోమన్నాం. ఈసారి వాడు అమ్మ వైపు చూసి కూర్చున్నాడు.

మర్నాడు ఇద్దరం రెడ్డిగూడెం వెళ్లాం. అక్కడేం మాట్లాడానో రాయను.

జవాను వాళ్లమ్మ వాడి సంచిలో ఆవకాయ జాడీ పెట్టింది. జాడీ కాదది, కొండపల్లి కోట. బెజవాడ స్టేషన్లో మెట్లెక్కేసరికి నా భుజం నా మాట వినడం మానేసింది. జవాను దారంతా చెయ్యి చాస్తూనే ఉన్నాడు, నేనివ్వలేదు. గడువు దాటకముందే చేరాం. గేటు దగ్గర కాపలా వాడు, జవాను సంచి మోస్తున్న నాయక్‌ని చూసి పళ్లికిలించాడు. వాడి మీద అరవడానికి నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, సంచిని రెండో భుజానికి మార్చుకున్నాను.