పూత రాకముందే వేసిన తాళం

2003 ఫిబ్రవరి నాటికి నేను కృష్ణగిరిలోని ఒక చిన్న కంపెనీకి పెట్టుబడిదారు తరఫు డైరెక్టరుని. పెట్టుబడిదారు కూడా నేనే కనుక ‘తరఫు’ అన్నది కాస్త గొప్పకే. మూడు నెలలకొకసారి హోసూరు నుంచి బస్సెక్కి వెళ్ళి, పని ఎలా నడుస్తోందో చూసి, తీర్మానాల మీద సంతకం పెట్టి రావడం నా బాధ్యత.

అంతకుముందు, తొంభైలలో, హోసూరు పారిశ్రామికవాడలో నాకు సొంత కంపెనీ ఉండేది. వర్క్‌షాపుల్లో లేత్ యంత్రాలు ఎంతసేపు తిరిగాయో, ఎంతసేపు ఊరికే నిలిచాయో కంప్యూటరుకు చేరవేసే ప్రోగ్రాములు రాసి అమ్మేవాళ్ళం. దాన్ని బెంగళూరు వాళ్ళకు అమ్మేశాక కొంత డబ్బూ, ఏమీ తోచని సాయంత్రాలూ మిగిలాయి. డబ్బు చిన్న కంపెనీల్లో పెట్టాను. సాయంత్రాలు ఇంటర్నెట్‌లో ఇంగ్లీషు వ్యాసాలు రాస్తూ గడిపాను.

వాటిలో ఒకదానికి బాగా పేరొచ్చింది. కంపెనీని ఎప్పుడు మూసేయాలో చెప్పే వ్యాసం అది. మూడు నెలలపాటు ఏ కస్టమరూ తనంతట తాను ఫోన్ చేయకపోతే మూసేయండి, ‘ఇది సీజన్ కాదు’ అన్నది అందరూ చెప్పుకునే సాకు, నమ్మకండి అని రాశాను. ముక్కుసూటిగా చెప్పానని ఎక్కడెక్కడి ఇంజనీర్లో మెచ్చుకుంటూ ఈమెయిళ్ళు పంపారు. అయితే పేరు పెరిగేకొద్దీ నా ఫోన్ మోగడం తగ్గింది. అడగవలసినదంతా చదివేశామనుకున్నారు కాబోలు. ఆ రోజుల్లో ఇంట్లో నాతో నాలుగు మాటలు మాట్లాడేది పాలు పోసే ఆవిడ ఒక్కతే. ఒంటరిగా ఉన్నానని ఎవరైనా అంటే మాత్రం కోపం వచ్చేది.

కృష్ణగిరి కంపెనీ సుజాతది. అక్కడికి దగ్గర్లోని కల్లావి ఊళ్ళో రైతుల ఇంటి పిల్ల, ఎలక్ట్రానిక్స్ చదివింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలలో గుజ్జు ఎంత వేడిలో ఎంతసేపు ఉడికిందో నమోదు చేసే యంత్రం తయారుచేసింది. ఎగుమతికి ఆ రికార్డు తప్పనిసరి. మొదటి వేసవిలోనే నాలుగు ఫ్యాక్టరీలు దాన్ని బిగించుకున్నాయి.

ఆ ఫిబ్రవరిలో నేను వెళ్ళేసరికి షట్టరుకు తాళం వేసి ఉంది. పక్క బ్యాటరీ కొట్టాయన బయటికొచ్చి, “ఆయమ్మ పొంగల్ అయినంక ఖాళీ చేసుకోని ఊరికి పాయ సార్. మీకు చెప్పలేదా?” అన్నాడు. చట్టప్రకారం కంపెనీ మూయాలంటే డైరెక్టర్ల తీర్మానం కావాలి. కొట్టు మూయడానికి తాళం చాలు.

కల్లావి బస్సెక్కాను. సుజాత ఇంటి ముందు కూర్చుని చింతకాయలు కొడుతోంది.

“ఒక్క ఫోన్ చేసి ఉండొచ్చు కదమ్మా” అన్నాను.

“మీరు రాసిందే చేసినాను సార్. నవంబరు నుంచి ఒక్కరూ ఫోన్ చేయలా. ఇంక మిమ్మల్ని అడిగేదానికి ఏముంది?”

“నవంబరులో మామిడి యాడిదమ్మా?”

“అది నాకు తెలీదా సార్, ఈడనే పుట్టినదాన్ని? సీజన్ అనేది సాకు అని మీరే రాసినారు. నాదీ సాకే అనుకున్నాను. ఆడ ఒంటిగా కూర్చోని ఉంటే ఇంకెవురిని అడగాల?”

ఆ వ్యాసం హోసూరు వర్క్‌షాపులను చూసి రాసినది. అవి ఏడాది పొడవునా తిరుగుతాయి. గుజ్జు ఫ్యాక్టరీలకు పని వేసవిలోనే. ఆ సంగతి బాగా తెలిసిన పిల్ల నా రాతను నమ్మి తన తెలివిని పక్కన పెట్టింది.

మళ్ళీ తెరుద్దామన్నాను. మర్నాడు ఇద్దరం నాలుగు ఫ్యాక్టరీలకూ తిరిగాం. మూసేస్తున్నానని ఆమె పద్ధతిగా అందరికీ ముందే చెప్పడంతో వాళ్ళు ఒక బెంగళూరు కంపెనీతో ఒప్పందం చేసేసుకున్నారు. చివరి ఫ్యాక్టరీ మేనేజరు కాఫీ ఇప్పించి, “పూత చూసినంక మేమే పిలుస్తుంటిమి కదమ్మా, అంత తొందర ఏమొచ్చె?” అన్నాడు. తిరిగొచ్చే దారంతా తోటలు పూత మీద ఉన్నాయి.

ఆ నెలాఖరులో మూసివేత తీర్మానం మీద సంతకాలు పెట్టాం. సుజాత హోసూరు పక్కన బాగలూరు దగ్గర ఒక ఉద్యోగంలో చేరింది.

దీనివల్ల నేను నేర్చుకున్నది ఒకటే. వ్యాసం జవాబు చెబుతుంది కానీ, నీ పని ఏ నెలల్లో అని ఎదురు ప్రశ్న వేయదు. అది అడగడానికి మనిషి ఉండాలి. అందుకే ఆ తరువాతి పెట్టుబడి ఒప్పందాలన్నిటిలో ఒక షరతు చేర్చాను: కంపెనీ మూసే ముందు, దాన్ని స్థాపించినవాళ్ళు మా ఇంటికి వచ్చి ఎదురుగా కూర్చుని కారణం చెప్పాలి. లాయరు నవ్వాడు. నేను పని మానుకునేలోగా ఇద్దరు అలా వేర్వేరుగా వచ్చారు. రెండూ నిజంగా మూయవలసిన కంపెనీలే, మూసేశాం. వాళ్ళు వచ్చిన రోజుల్లో మాత్రం మా ఇంట్లో ఒక్కడికి కాక ఇద్దరికి వండాను.