వైసుకు అంటిన కొవ్వు

పాల్మాకుల దారిలో ఒక రేకుల షెడ్డులో మూడేళ్లు పనిచేశాను. ఎయిర్‌పోర్టు తెరిచాక ఆ చుట్టుపక్కల లేచిన హోటళ్లకు రెయిలింగులు, బోర్డులకు బ్రాకెట్లు చేసేవాళ్లం. మసి, గ్రీజు, వెల్డింగు పొగ నాకు అలవాటే. నాకు రోత పుట్టించిందల్లా డ్రిల్లింగ్ మిషన్ బల్లకు బిగించిన వైసును మావాళ్లు వాడే తీరు.

వైసు అంటే పళ్లలా గాట్లున్న రెండు ఇనుప దవడలు. రంధ్రం వేయాల్సిన ముక్కను మేం జాబ్ అంటాం. దాన్ని ఆ దవడల మధ్య పెట్టి హ్యాండిల్ తిప్పి బిగించాలి. పట్టు లేకపోతే డ్రిల్ బిట్టు ఇనుములో ఇరుక్కుని జాబ్‌ను తనతోపాటు గిర్రున తిప్పేస్తుంది. ఆ దారిలో సాధారణంగా ఉండేది మనిషి చెయ్యే. ఇంత మాత్రం తెలియనివాడు షెడ్డులో ఒక్కడూ లేడు. అన్నీ తెలిసే ఆ దవడల్లో బాదం కాయలు పగలగొట్టేవాళ్లు, నిమ్మకాయలు పిండేవాళ్లు. మామిడిపల్లి నుంచి వచ్చే వెల్డరైతే, మధ్యాహ్నం కూరలో బొక్క, అంటే ఎముక, తగిలితే చాలు, తిన్నగా వైసు దగ్గరికి నడిచేవాడు. పటుక్కున విరిచి అక్కడే నిలబడి జుర్రేవాడు. మూలుగ కారి దవడల పళ్లలో ఇరుక్కునేది. ముందు ఈగలు, తర్వాత చీమలు.

"ఛీ, సిగ్గుందా నీకు? జాబ్ పట్టే దాంట్ల బొక్క పెడతవా?" అనేవాణ్ని.

"దానికి పళ్లు గట్టిగున్నయి అన్నా. నాయి కదుల్తున్నయి," అని వాడు నవ్వేవాడు.

తిట్టుకుంటూ కిరోసిన్ గుడ్డ తెచ్చి, పాత టూత్‌బ్రష్‌తో ఆ పళ్ల సందులు తోమేవాణ్ని. షెడ్డంతా నన్ను పంతులని వెక్కిరించేది. వెక్కిరించుకోనీ, అడ్డమైన ఎంగిలి మధ్య బతికే మనుషులు, వీళ్లతో నాకేంటనుకునేవాణ్ని.

నన్ను వెక్కిరించనిది ఉస్తాద్ ఒక్కరే. శంషాబాద్ మనిషి, యాభై దాటాయి. నాకు డ్రిల్లింగ్ నేర్పింది ఆయనే. ఆ చలికాలం ఆయనకో అవకాశం వచ్చింది. ఎయిర్‌పోర్టు లోపల సామాను బండ్లు బాగుచేసే వర్క్‌షాపులో పర్మనెంటు పని. సోమవారం పరీక్ష. గుండ్రటి రాడ్డుకు అడ్డంగా, సరిగ్గా నడుమ రంధ్రం వేసి చూపించాలి. వయసు మించిపోతోంది కాబట్టి ఇంకోసారి పిలిచేది లేదని వాళ్లు ముందే చెప్పేశారు.

"మెడల పాస్ ఏస్కొని ఆ గేట్ల కెల్లి లోపటికి పోవాలె తమ్మీ. ఇన్నేండ్లు బయట నుంచే చూసిన," అనేవారు. వారం రోజులుగా పొద్దున్నే, పని మొదలవకముందు, ఒక్కో రాడ్డు బిగించుకుని సాధన చేస్తున్నారు.

శుక్రవారం ఆయన ఇంటి నుంచి నాకూ వెల్డరుకూ నల్లి బొక్కల కూర తెచ్చారు. "మీరు తినుండ్రి, నేను నమాజుకు పోయొస్త," అని టిఫిను నా చేతిలో పెట్టి వెళ్లారు. వెల్డరు గబగబా తినేసి మిగతావాళ్లతో చాయ్‌కి పోయాడు. షెడ్డులో నేనొక్కణ్నే మిగిలాను. నా కంచంలో ఇంత లావు నల్లి, నిండా మూలుగ. పీల్చాను, రాలేదు. చెంచా కాడతో కెలికాను, రాలేదు. కంచం అంచుకేసి కొట్టాను. అటూ ఇటూ చూశాను.

చెప్పుకోవడానికే రోతగా ఉంది. లేచి వెళ్లి దాన్ని వైసులో పెట్టాను. పటుక్కుమంది. అక్కడే నిలబడి జుర్రాను, అచ్చం ఆ వెల్డరులాగే, చప్పుడు చేస్తూ. ఎంత రుచిగా ఉందో. బయట చెప్పుల చప్పుడు వినపడగానే బొక్కను గోడవతలికి విసిరేసి, చేతికందిన పొడి గుడ్డతో దవడల మీద ఒక్కసారి రుద్దాను. కిరోసిన్ తీస్తే ఏమైందని అడుగుతారు కదా, అందుకే తీయలేదు.

శనివారం పొద్దున బాగా చలి. ఉస్తాద్ మఫ్లరు చుట్టుకుని వచ్చి, రాడ్డును వైసులో పెట్టబోతూ ఆగారు. ముందు దవడలు తుడుచుకోవడం ఆయన అలవాటు. గుడ్డ కోసం వెతికి నా వైపు చూశారు.

"వైసు సాఫ్ ఉన్నదా తమ్మీ?"

"ఉన్నది ఉస్తాద్. తుడిచిన."

"నువ్వు తుడిచినంక ఇగ చూసేదేంది," అని రాడ్డు పెట్టి హ్యాండిల్ తిప్పేశారు.

కొవ్వు చలికి గడ్డకట్టి ఆ పళ్ల సందుల్లో ఉండే ఉంటుందని నాకు తెలుసు. జర ఆగు ఉస్తాద్, అంటే సరిపోయేది. ఏం కాదులే అనుకుని బ్రాకెట్ల మీద గీతలు గీస్తూ కూర్చున్నాను.

బిట్టు రాడ్డు అడుగు నుంచి పొడుచుకొచ్చే క్షణంలో పట్టేసింది. రాడ్డు దవడల్లోంచి జారి తిరిగింది. ఆయన ఎడమ చేత్తో బిట్టు మీద నూనె చుక్కలు వేస్తున్నారు. డబ్బా ఎగిరి నా కాళ్ల దగ్గర పడింది. "మిషన్ బంద్ చెయ్యి," అని మాత్రం అన్నారు, చేతిని పొట్టకు అదుముకుని.

దవాఖానలో బొటనవేలి ఎముక విరిగిందని కట్టు కట్టారు. సోమవారం పరీక్ష ఆయన లేకుండానే అయిపోయింది.

కొన్నాళ్లకు మళ్లీ షెడ్డుకు వచ్చారు. ఇంత పనిమంతుడివి, ఎట్లయింది ఉస్తాద్ అని వెల్డరు అడిగాడు.

"గల్తీ నాదే. సక్కగ బిగియ్యలె. చేతుల బలం పోయింది, ఇగ ముసలోణ్నయిన," అన్నారు. బాగున్న కుడి పిడికిలిని మూసి తెరిచి చూసుకున్నారు. తర్వాత నాతో, "ఇగ నుంచి వైసు నువ్వే బిగియ్యి తమ్మీ. నాకు నా చెయ్యి మీద భరోసా లేదు," అన్నారు.

నిజం గొంతు దాకా వచ్చింది. ఆ మూలుగను మింగినట్టే దాన్నీ మింగేశాను. అప్పటి నుంచి ఆయన జాబ్ పెట్టేవారు, నేను బిగించేవాణ్ని. బిగించాక ఆయన హ్యాండిల్‌ను ముట్టుకుని కూడా చూసేవారు కాదు.

ఒక మధ్యాహ్నం వెల్డరు మళ్లీ బొక్క పట్టుకుని వైసు వైపు నడిచాడు. నేను తలెత్తలేదు. ఉస్తాద్ లేచి అడ్డం నిలబడ్డారు.

"అండ్ల వద్దు. తమ్మికి అసయ్యం. ఈ షెడ్డుల సాఫ్ మనిషి గీయనొక్కడే."

వాడు గొణుక్కుంటూ వెనక్కి పోయాడు. ఉస్తాద్ నన్ను చూసి నవ్వారు. నేను లేచి కిరోసిన్ గుడ్డ తీసుకుని వైసును తుడవడం మొదలుపెట్టాను. పొద్దున్నుంచి అప్పటికే రెండుసార్లు తుడిచాను.