దోమతెర లోపలి చెయ్యి

నేను అబద్ధం ఆడనండీ. ఆడితే దాన్ని జీవితాంతం గుర్తుపెట్టుకోవాలి, అదొక దండగ. ఇది నిజంగా జరిగింది. కొల్లేటి ఒడ్డున మా ఇంట్లో... నాకే.

అప్పటికే మా ఆయనకి కిడ్నీలు పోయాయి. భీమడోలులో రైలెక్కి ఏలూరు వెళ్ళి డయాలసిస్ చేయించుకునేవాళ్ళం. సూదులు గుచ్చడానికని ఎడమ చేతిలో రక్తనాళాలు కలిపి కుట్టారు. అక్కడ చెయ్యేస్తే లోపల తుమ్మెద ఉన్నట్టు జుయ్యిమంటుంది.

"అది ఆగితే వెంటనే రండమ్మా. నీళ్ళు మాత్రం కొలిచే ఇవ్వండి. ఒంట్లో నీరు చేరితే గుండె మోయలేదు" అంది ఆస్పత్రి సిస్టరు.

కొలిచే ఇచ్చేదాన్ని.

"నీ పిసినారితనం మంచినీళ్ళదాకా వచ్చిందే!" అనేవారు ఆయన.

"మీ గుండె కోసమేనండీ. తిట్టుకోండి."

ఆ రోజు చర్చిలో పెళ్ళి. భోజనాల దగ్గర నా కన్నుగప్పి మజ్జిగ తాగేశారట. ఎన్ని గ్లాసులో...

రాత్రి లైటార్పి, ఆయన మంచం పక్కనే చాపేసుకు పడుకున్నాను. ఎందుకో మెలకువొచ్చింది. చీకటి. కీచురాయి చప్పుడు కూడా లేదు. రోజూలాగే దోమతెర ఎత్తి లోపలికి చెయ్యి పెట్టాను. ఆయన చెయ్యి తగిలింది. కుట్టిన చోట బుడిపె తగిలింది. జుయ్యి... మంటోంది. హమ్మయ్య అనుకున్నాను. మళ్ళీ కళ్ళు మూతలు పడుతున్నాయి...

"ఏమే..."

గొంతు ఆయనదే. కానీ... వీధి అరుగు మీంచి.

నా వేళ్ళ కింద జుయ్యి... ఆగలేదు. అప్పుడు తెలిసింది, ఆ చెయ్యి ఎంత చల్లగా ఉందో.

"ఏమే... ఊపిరాడట్లేదే..."

ప్రభువా! చెయ్యి లాక్కున్నాను. లైటేశాను.

మంచం ఖాళీ.

అరుగు మీద స్తంభం పట్టుకుని కూర్చున్నారు ఆయన. గొంతులో గురగుర. పెదాలు నల్లబడ్డాయి. ఎదురింటివాళ్ళ చేపల వ్యానులో ఏలూరు పరిగెత్తాం. గుండె అసలే బలహీనపడిందనీ, ఊపిరితిత్తుల్లో నీరు నిండిందనీ చెప్పి, అప్పటికప్పుడు డయాలసిస్ పెట్టారు. తెల్లారేసరికి గురగుర తగ్గింది. "ఇంకాస్త ఆలస్యమైతే..." అని డాక్టరుగారు అంతటితో ఆపేశారు.

ఆయనకి జరిగింది చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"నేను పడుకోలేక ఎప్పుడో బయటికొచ్చేశానే. నిన్ను పిలుస్తూనే ఉన్నాను."

"నాకు వినపళ్ళేదండీ..."

ఆయన తన ఎడమ చేతి బుడిపె తడుముకున్నారు. తర్వాత మెల్లగా అడిగారు.

"ఆ చెయ్యి నిన్ను లేపిందంటావా... జోకొట్టిందంటావా?"

ఇప్పటికీ చెప్పలేనండీ.